దృగ్గణితము: ఏబదియైదు వత్సరముల గ్రహణపరీక్ష

తెలుగునాట నేడు రెండు విధముల పంచాంగములు వ్యవహారమున నున్నవి. సూర్యసిద్ధాంతానుసారము గణింపబడిన పూర్వపద్ధతి యొకటి, దృగ్గణితము వేరొకటి. రెండింటి తిథ్యంతములకు కొన్ని ఘడియల భేదము వచ్చుటచే ఏకాదశి ఏనాడను వివాదము తరచుగ పుట్టును. ఋషిప్రోక్తమైన గణితమును దిద్దుటకు మనుష్యునకు అధికార మెక్కడిదని ఆస్తికులు ప్రశ్నింతురు. ప్రశ్న తగినదే. అయితే అది క్రొత్తది కాదు. కేరళదేశపు జ్యోతిర్విదులు దీనిని ఆరువందల యేండ్ల క్రిందటనే ఎదుర్కొనిరి.

499 నాటి ఆర్యభటీయగణితమును దిద్ది హరిదత్తుడు క్రీ.శ. 683లో పరహితపద్ధతిని ప్రవర్తింపజేసెను. అనగా దిద్దుబాటు అప్పటికే సంప్రదాయములోని భాగము. పరహితము కేరళమున శతాబ్దములు నడచినది. కాలక్రమమున గణించిన గ్రహణమునకును కన్నులకు కనబడిన గ్రహణమునకును పొంతన తప్పసాగెను.

ఇది ఎట్లు జరుగునో జిజ్ఞాసువులు గ్రహింపవలెను. చంద్రుడు సూర్యుని నుండి దినమునకు సుమారు 12 భాగలు, అనగా ఘడియకు 12 కళలు, దూరమగును. చంద్రగతిలో 50 వత్సరములకు ఒక్క కళ దోషమున్నదనుకొనుడు. ఒక తరమువారికి అది గోచరింపదు. 600 వత్సరములకు 12 కళలగును, గ్రహణము చెప్పిన వేళకు ఒక ఘడియ ముందో వెనుకో పట్టును. తక్కిన దినములలో ఇంత సూక్ష్మభేదమును వట్టి కంటితో పట్టుట మిక్కిలి కష్టము. గ్రహణమున మాత్రము స్పర్శమోక్షములను ఆకాశమే చూపును, ఊరెల్ల చూచును. అందుచేతనే గ్రహణము గణకునకు నికషోపలమైనది.

నిళానదీతీరమున అశ్వత్థగ్రామమను ఆలత్తియూరులో వటశ్శేరి ఇంటి నంబూద్రి పరమేశ్వరుడు ఈ పరీక్షకు పూనుకొనెను. గ్రహణములను, గ్రహయోగములను ఏబదియైదు వత్సరములు చూచి, గణితముతో సరిపోల్చి, 1431లో ‘దృగ్గణితము’ రచించెను. ఏబదియైదు వత్సరములనుట తేలిక. గ్రహణము కోరినప్పుడు రాదు. వచ్చినను మేఘము క్రమ్మిన యెడల ఆ అవకాశము పోయినట్లే. దూరదర్శిని లేదు, గడియారము లేదు. పగటివేళ శంకుచ్ఛాయను కొలిచియు, రాత్రివేళ నక్షత్రముల ఎత్తును బట్టియు కాలమును నిర్ణయింపవలెను. ఒక్క గ్రహణము కలిసినంత మాత్రమున గణితము సత్యమనుటకు వీలులేదు, ఒక్కటి తప్పినంత మాత్రమున త్రోసివేయుటకును వీలులేదు. జీవితమంతయు వేచియుండుట తప్ప మార్గాంతరము లేదు. నా దృష్టిలో దీనికి తపస్సను పేరు చెల్లును.

ఆయన కుమారుడు దామోదరుడు, దామోదరుని శిష్యుడు నీలకంఠ సోమయాజి. సోమయాగము చేసిన శ్రోత్రియుడీయన. 1444లో జన్మించెను. ‘తంత్రసంగ్రహము’న బుధశుక్రుల గతిని గణించు విధానమును సంస్కరించెను. ‘జ్యోతిర్మీమాంస’ యను గ్రంథమున, గణకునకు జ్ఞానము ఎట్లు కలుగునను విషయమునే విచారించెను. ప్రాచీనులు పేర్కొన్న గ్రహణములను గణించి సరిచూడవలెను, ప్రస్తుతము కనబడువానిని పరీక్షింపవలెను, అన్యదేశములలో కనబడినవానిని ఆ దేశపు అక్షాంశరేఖాంతరములతో పోల్చవలెను, అటుపిమ్మటనే రాబోవువానిని చెప్పవలెనని ఆయన మతము. ప్రత్యక్షము, అనుమానము, గురుపరంపరాగతమైన ఆగమము, ఈ మూడును ఇచట కలిసి పనిచేయుచున్నవి. శిష్యుడు గురువు లెక్కను స్వీకరించును, తన కన్నులతో మరల పరీక్షించును.

ఆర్యభటునకు బ్రహ్మప్రసాదమున ఈ విద్య లభించినది గదా, ఇక పరీక్ష యేల యను ఆక్షేపమును నీలకంఠుడు దాటవేయలేదు. దేవతాప్రసాదము బుద్ధికి నైర్మల్యము నిచ్చునే గాని, దేవత స్వయముగ వచ్చి గ్రహగతులను ఉపదేశింపదని సమాధానము చెప్పెను. నిత్యము అర్చన చేయువానిగ నాకీ మాట ఎంతయో ప్రియమైనది. భగవంతుని నిర్మలబుద్ధి నర్థించుట ఒకటి, శ్రమ తప్పించుమని అర్థించుట వేరొకటి. సమస్తమును ఋషులు ధ్యానమున కూర్చుండి చూచిరని గర్వముతో చెప్పువారు, ఎండలో నిలిచి నీడను కొలిచిన పరమేశ్వరుని వంటివారిని తమకు తెలియకయే తక్కువ చేయుచున్నారు. పరీక్షాపద్ధతి పాశ్చాత్యులకే సొంతమనువారికి ఈ గ్రంథములు తెలియవు.

అయినను దృగ్గణితము వచ్చినంతనే పరహితము తొలగిపోలేదు. గ్రహణజాతకాదులకు దృగ్గణితమును, వ్రతముహూర్తములకు పరహితమును గ్రహించుచు కేరళీయులు రెండింటిని నిలుపుకొనిరి. ఈ సర్దుబాటు ఆచారమును కలతపెట్టలేదు గాని, తిథి సూర్యచంద్రుల అంతరమే యైనప్పుడు గ్రహణమునకొక చంద్రుడు, ఏకాదశికొక చంద్రుడు ఉండునా యను శంకకు ప్రత్యుత్తరము కాజాలదు. గ్రహణవిషయమున ధర్మశాస్త్రకారులే చాక్షుషదర్శనమును ప్రమాణముగ గైకొనిరి. మన దేశమున కనబడని గ్రహణమునకు స్నానము లేదు, జపము లేదు, ఆలయద్వారబంధనము లేదు.