జైనూర్ దారిన మతం వచ్చింది

నేను నాస్తికుణ్ని. రాయబోయేదంతా దేవుళ్ల గురించే కనుక ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. మాది జగిత్యాల దగ్గర పల్లె. ఉట్నూరు ఏజెన్సీలో బడిపంతులుగా చేరి అక్కడే రిటైరయ్యాను. కుర్రతనంలో గోరా పుస్తకాలు చేతికొచ్చాయి, దేవుడు చేజారిపోయాడు. గోరా తన నాస్తిక కేంద్రాన్ని కృష్ణా జిల్లా ముదునూరులో 1940లో మొదలుపెట్టి 1947లో విజయవాడకు మార్చాడు. ఆ 1940లోనే మా అడవుల్లో, జోడేఘాట్ గుట్టల మీద, గోండు వీరుడు కుమ్రం భీం నిజాం పోలీసుల తూటాలకు ఒరిగిపోయాడు. ముదునూరుకు జోడేఘాట్ సంగతి తెలియదు, జోడేఘాట్‌కు ముదునూరు సంగతి తెలియదు. ఆ ఎడం ఇప్పటికీ తగ్గలేదని నా ఫిర్యాదు.

కోస్తాలో పుట్టిన నాస్తిక సాహిత్యం గుడినీ, పూజారినీ, అగ్రహారాన్నీ, ముహూర్తాల వ్యాపారాన్నీ ఎండగట్టడంలో ఆరితేరింది. అవన్నీ నాకు నోటికొచ్చు. జైనూర్ మండలంలో మొదటిసారి గోండుల పూజ చూసినప్పుడు నా సరుకేదీ అక్కడ చెల్లలేదు. గుడి లేదు. గ్రంథం లేదు. దక్షిణ పుచ్చుకుని వెళ్లిపోయే బయటి పూజారి లేడు. పూజ చేసుకునే వంశానికే చెందిన పూజారి, కటోడ, పెద్దపూజ చేస్తాడు. తెల్లారితే అందరిలాగే జొన్నచేనుకు పోతాడు.

పెర్సపేన్ అంటే గోండుల వంశదేవుడు. ఆయన్ను దగ్గరగా చూస్తే కనిపించేది ఒక ఇనుప బల్లెం మొన, చమరీమృగం తోక కుచ్చు, కొన్ని ఇత్తడి గజ్జెలు. ముఖం ఉండదు, కళ్లుండవు. ఊరికి ఎడంగా చెట్ల మధ్య ఆయన స్థలం. పుష్యంలో ఒకసారి, ఎండాకాలంలో ఒకసారి బయటికి తీసి కడిగి, మేకను కోసి, ఇప్పసారా పోసి, మళ్లీ భద్రపరుస్తారు. గోండుల వంశగాయకుడు ప్రధాన్ వచ్చి కిక్రి అనే తీగవాద్యం వాయిస్తూ ఆ వంశం పుట్టుపూర్వోత్తరాలు పాడతాడు. మిగతా ఏడాదంతా దేవుడు ఎవరి జోలికీ రాడు. ఎవరింటికీ వచ్చి చందా అడగడు, పక్క వంశం వాళ్లను తన దగ్గరికి రమ్మనడు. నాలుగు దేవుళ్లవాళ్లు, అయిదు దేవుళ్లవాళ్లు, ఆరు, ఏడు దేవుళ్లవాళ్లని గోండుల్లో నాలుగు సగలున్నాయి. వేరే సగ మనిషి మీ దేవుణ్ని కొలవకపోతే మీకు నష్టమేమీ లేదు, పైగా పెళ్లి సంబంధానికి వాళ్లే కావాలి.

ఇది స్వర్గమని నేననను. ఆ పెద్దపూజలో కిక్రి వాయించే ప్రధాన్ చేతి అన్నం గోండు తినడు. అతని పాట లేకపోతే దేవుడే కదలడు, అతను ముట్టిన కుండ మాత్రం పనికిరాదు. మెస్రం వంశంలోకి వచ్చిన కోడలు కేస్లాపూర్ జాతరలో భేటింగ్, అంటే దేవుడికి పరిచయం, అయ్యేదాకా ఆ వంశపు నాగదేవుడు నాగోబా ముందుకు రావడానికి లేదు. బాణామతి పేరుతో ఒంటరి ముసలివాళ్లను కొట్టి చంపిన కథలు మా తెలంగాణ పల్లెల్లో మైదానానికీ అడవికీ ఒకేలా ఉన్నాయి. నమ్మకానికి నేను ఎక్కడా మినహాయింపు ఇవ్వను. అయితే నమ్మకం వేరు, దానికి ఆఫీసు పెట్టడం వేరు. నా పేచీ ఎక్కువగా ఆ ఆఫీసుతో.

ఆఫీసు ఈ గుట్టల్లోకి ఎప్పుడొచ్చింది? జోడేఘాట్ తర్వాత ఉలిక్కిపడ్డ నిజాం సర్కారు, గోండులు ఎందుకు తిరగబడ్డారో తేల్చమని మానవశాస్త్రవేత్త హైమెండార్ఫ్‌ను పంపింది. ఆయన ఆస్ట్రియా మనిషి. యుద్ధకాలం కావడంతో బ్రిటిషువాళ్ల దృష్టిలో శత్రుదేశస్థుడు, హైదరాబాద్ రాజ్యం దాటి పోవడానికి లేదు. ఆయనా, ఆయన భార్య బెట్టీ ఎలిజబెత్ జైనూర్ పక్కనున్న మార్లవాయిలో గుడిసె వేసుకుని కాపురం పెట్టారు. ఆయన తేల్చింది ఒక్క ముక్కలో చెప్పాలంటే భూమి. అటవీశాఖ హద్దురాళ్లు, పట్టా చేసుకున్న బయటివాళ్లు, మేతకూ వంటచెరకుకూ పన్నులు. సర్కారు చేత పట్టాలిప్పించాడు. 1943లో మార్లవాయిలోనే గోండు పిల్లల చదువు పథకం మొదలైంది. పంతుళ్లకు శిక్షణ అక్కడే, గోండీ వాచకాలు నాగరి లిపిలో. ఇంత చేసిన మనిషి గోండులను ఏ మతంలోనూ కలపలేదు. 1948లో అచ్చయిన ఆయన పుస్తకంలో వాళ్ల పురాణాలూ పూజలూ వాళ్లవిగానే ఉన్నాయి.

ఆ రోజుల్లో రాజ్యంలో మతాల లెక్కలు మహా జోరుగా నడుస్తున్నాయి. ఒకవైపు తబ్లీగ్, ఒకవైపు ఆర్యసమాజ్ శుద్ధి. ఎవరి తలలు ఎన్నని పోటీ. 1938-39లో ఆర్యసమాజ్ సత్యాగ్రహం హైదరాబాద్‌ను ఊపేసింది. జనగణనవాళ్లు 1921 దాకా అడవి జనాన్ని 'అనిమిస్టు'లన్నారు, 1931లో 'గిరిజన మతం' అన్నారు. స్వతంత్రం వచ్చాక ఆ గడి ఎత్తేశారు. ఆరు మతాలు, ఆపైన 'ఇతరులు'. పెర్సపేన్ ఆ రోజు నుంచి ఇతరుల్లో పడ్డాడు, లేదంటే ఎన్యూమరేటర్ దయ.

ఆ దయ ఎలా ఉంటుందో నాకు తెలుసు, ఎందుకంటే నేనూ రిజిస్టరు ముందు కూర్చున్నవాణ్నే. పేరు చెప్పను, ఒక ఆశ్రమ పాఠశాల. జూన్ నెల, ముసురు. ఒక గోండు తండ్రి కొడుకును చేర్పించడానికి వచ్చాడు, రుమాలు పిండుకుని నెత్తిన వేసుకుని నిలబడ్డాడు. పేరు, ఇంటిపేరు, పుట్టినతేదీ అయ్యాయి. పుట్టినతేదీ సంగతి అడక్కండి, ఏజెన్సీలో అందరూ జూన్‌లోనే పుడతారు. మతం గడి దగ్గర ఆగి "మతమేందే?" అన్నాను. "మతమంటే ఏంది గురూజీ? మాకు పేన్ ఉన్నడు" అన్నాడు. అదే రాస్తానన్నాను. పెద్ద సారు కళ్లజోడు పైనుంచి చూసి, ఆ గడిలో అందరికీ హిందూ అనే రాస్తామనీ, కొత్త పైత్యాలు పెట్టొద్దనీ చెప్పి, పెన్ను లాక్కుని తనే రాశాడు. తండ్రి వేలిముద్ర వేశాడు. కొడుకు బడిలో చేరాడు, ఆ పూటకే హిందువు కూడా అయ్యాడు. అగ్ని లేదు, మంత్రం లేదు, నీలిసిరా మాత్రం ఉంది. మతమార్పిడుల మీద చట్టాలు కావాలని అరిచేవాళ్లకు ఈ మార్పిడి ఎప్పుడూ కనిపించదు.

ప్రార్థన గంటలో శ్లోకం, తరగతి గోడ మీద సరస్వతి. ఇది చేసింది సర్కారు బడి. ఇక రోడ్డు చేసింది వేరు. ఉట్నూరు నుంచి ఆసిఫాబాద్ పోయే దారి మీద జైనూర్ అంగడి పెరిగింది. పత్తి వచ్చింది, పత్తితో షావుకార్లు, దుకాణదార్లు, కౌలుకు దిగినవాళ్లు వచ్చారు. 1976లో లంబాడాలను తెలంగాణలో కూడా ఎస్టీల్లో చేర్చాక మహారాష్ట్ర వైపు నుంచి వలస ఇంకా పెరిగింది. 1970లలో మళ్లీ వచ్చి చూసిన హైమెండార్ఫ్, తాను ఇప్పించిన భూములు ఎలా చేజారిపోతున్నాయో చూసి 1982లో వెలువడ్డ పుస్తకంలో రాశాడు. అంతకు ముందు ఏడాది, 1981 ఏప్రిల్ 20న, ఇంద్రవెల్లిలో భూమి కోసం సభకు వస్తున్న గోండుల మీద పోలీసు కాల్పులు జరిగాయి. వచ్చిన ప్రతివాడూ తన దేవుణ్ని మూటలో తెచ్చుకున్నాడు, తప్పులేదు. కానీ అంగడిలో దేవుడు దుకాణం పక్కన కూర్చుంటాడు. మసీదుకు కమిటీ, మండపానికి కమిటీ, చర్చికి పాస్టరు. కమిటీకి మైకు, మైకుకు టైము, ఊరేగింపుకు రూటు. చెట్ల మధ్య ఏడాదికి రెండుసార్లు లేచే బల్లెం మొనకు ఇవేవీ లేవు. పోటీలో వెనకబడింది.

వెనకబడ్డవాణ్ని బాగుచేయడానికి గురువులొచ్చారు. జైనూర్ మండలంలోనే పట్నాపూర్ ఉంది, పూలాజీ బాబా ఊరు. ఆంధ్ తెగ మనిషి. ధ్యానం చెయ్యమన్నాడు, సారా మాంసం మానమన్నాడు. తెలంగాణ, మహారాష్ట్రల్లో ఆయనకు పెద్ద జనం. నేను పట్నాపూర్ మీద కత్తి దూయను. తాగి భార్యను కొట్టే మగవాళ్లు మానేసిన ఇళ్లు నేనెరుగుదును, ఆ ఆడవాళ్ల ముందు నా హేతువాదం విప్పడానికి నాకు నోరు రాదు. మేం నాస్తికులం ఒక్క సారా కుండనైనా పగలగొట్టించలేదు. కానీ ఇంకో వైపు కూడా ఉంది. మాంసం, సారా మానినవాడు పెర్సపేన్ పూజకు ఎలా పోతాడు? ఆ పూజే మేకతో, సారాతో. అన్న దీక్షలో ఉంటే తమ్ముడు కోతలో ఉంటాడు. ఒకే వంశం రెండు పంక్తుల్లో కూర్చుంటుంది, ఒక పంక్తి శుద్ధమైంది అవుతుంది. శుద్ధం అన్నది వచ్చిందంటే దాని వెనకే మైల వస్తుంది. ప్రధాన్ కుండ విషయంలో అప్పటికే ఉన్న జబ్బుకు ఇది కొత్త బలం.

నాగోబాది ఇంకో దారి. మెస్రంవాళ్లు జన్నారం వైపు గోదావరిలోని హస్తినమడుగు నుంచి కాలినడకన నీళ్లు తెచ్చి పుష్య అమావాస్య రాత్రి పూజ చేస్తారు. అక్కడ 1940లలో మొదలైన దర్బారులో అధికారులు గోండుల మొర వినేవారు, ఇప్పటికీ మంత్రులు వస్తారు. 2022లో మెస్రంవాళ్లు సొంత చందాలతో రాతిగుడి కట్టుకున్నారు. చేవ ఉన్న పని. కానీ మైదానంలో ఏ గుడినైనా గుడి అనిపించేవి, అంటే శిఖరం, గర్భగుడి, మండపం, ఇక్కడికీ వచ్చేశాయి. పుట్టను కొలిచినవాళ్లకు శిఖరం ఎందుకో నాకు అర్థం కాదు. బహుశా గుడి లేకపోతే మతం కాదన్న వెక్కిరింపు విని విని కట్టుకుని ఉంటారు.

ఇక భీం. జోడేఘాట్ పోరు నీళ్లు, అడవి, భూమి కోసం. ఎదుటివాడు నిజాం రాజ్యం కనుక దాన్ని హిందువుకూ ముసల్మానుకూ జరిగిన యుద్ధంగా చెప్పేవాళ్లు మా జిల్లాలో తయారయ్యారు. 2020 అక్టోబరులో ఒక సినిమా టీజర్‌లో భీం పాత్ర నెత్తిన టోపీ కనిపించగానే ఆదిలాబాద్‌లో గొడవ. చరిత్రలో లేని టోపీ పెట్టడం తప్పే. అయితే ఆ రోజు అరిచినవాళ్లలో ఎందరు పోడు పట్టాల కోసం ఒక్క దరఖాస్తు రాసిచ్చారో చెప్పమనండి. ఇదే జిల్లాలో భీం కంటే ఎనభై ఏళ్ల ముందు రాంజీ గోండు వెంట రోహిల్లాలు నిలబడి బ్రిటిషు సైన్యం మీదా నిజాం సైన్యం మీదా కలిసి పోరాడారు. 1860లో నిర్మల్ మర్రిచెట్టుకు కలిసే ఉరివేలాడారు. ఆ మర్రి గురించి ఊరేగింపుల్లో సగం కథే చెబుతారు.

జైనూర్‌లో 2024 సెప్టెంబర్ 4 వచ్చేసరికి ఈ సరంజామా అంతా సిద్ధంగా ఉంది. నాలుగు రోజుల ముందు ఒక ఆదివాసీ మహిళ మీద ఘోరమైన దాడి జరిగింది. నిందితుడు ఒకడు, ఆటో నడిపేవాడు, అరెస్టయ్యాడు. ఆదివాసీ సంఘాలు బంద్‌కు పిలిచాయి, అది వాళ్ల హక్కు. ఆ మధ్యాహ్నానికి జైనూర్‌లో దుకాణాలు తగలబడ్డాయి, ప్రార్థనా స్థలం మీద దాడి జరిగింది, కర్ఫ్యూ, ఇంటర్నెట్ బంద్. నాకు అర్థమైనంతలో చెబుతాను. ఒక మగవాడు ఒక ఆడమనిషి మీద చేసిన నేరం అది. కేసు, ఆమెకు వైద్యం, శిక్ష, ఈ మూడు విషయాలే మాట్లాడాలి. కానీ కమిటీలకు వ్యక్తి పనికిరాడు, మతం కావాలి. మతమైతే దుకాణాల బోర్డుల మీద పేర్లు చదివి ఎవరిని తగలబెట్టాలో తేల్చవచ్చు. ఏజెన్సీలో భూమి ఎవరిది, ఆ భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా చేసిన 1/70 చట్టం ఏమైంది, అంగడిలో గోండుకు ఒక్క మడిగె ఎందుకు లేదు అనే పాత ప్రశ్నలన్నీ ఆ పొగలో కలిసిపోయాయి. హాస్పిటల్‌లో ఉన్న ఆమె కూడా రెండో రోజుకే వార్తల్లో చివరి పేరాకు జారిపోయింది.

తర్వాత 'మతం మారితే ఎస్టీ హోదా తీసెయ్యాలి' అనే ర్యాలీల మాట ఈ వైపు కూడా వినబడుతోంది. ఎస్సీల విషయంలో 1950 ఉత్తర్వు మతం షరతు పెట్టింది. ఎస్టీల ఉత్తర్వులో ఆ షరతు లేదు. తెగకు మతంతో పని లేదని రాసినవాళ్లకు, కనీసం అక్కడ, బుద్ధి ఉంది.

ఇప్పుడు గోండు కుర్రాళ్లు తమకు వేరే గడి కావాలంటున్నారు. 2011 లెక్కల్లోనే పది లక్షల పైచిలుకు మంది 'ఇతరులు' కింద తమది గోండీ మతమని రాయించుకున్నారు. దాన్ని కోయపునెం అంటున్నారు, జెండా ఉంది, 'జై సేవా' అని పలకరింపు ఉంది, తమ ఆదిగురువు పహండి కుపార్ లింగో బొమ్మ ఉంది. నేను వాళ్ల పక్షమే. నీలిసిరాతో జరిగిన మార్పిడికి అదొక్కటే జవాబు. కానీ గడి వచ్చాక గ్రంథం వస్తుంది, గ్రంథం వెంట దాన్ని చదివి చెప్పేవాడు వస్తాడు, ప్రధాన్‌ను పంక్తిలో ఎక్కడ కూర్చోబెట్టాలో అతనే తేలుస్తాడు. ఈ భయం మార్లవాయిలో ఒక డిగ్రీ కుర్రాడితో చెప్పాను. నా దగ్గర చదివినవాడే. నవ్వాడు.

"సారూ, మీకు మతం లేదంటరు గదా, జనగణనలో మీరేం రాయిస్తరు?"

మతం చెప్పనివాళ్ల పద్దులో పడతానన్నాను. పుట్టిన సర్టిఫికెట్ దరఖాస్తులో మతం లేదు, కులం లేదు అని రాసుకునే గడి పెట్టాలని 2023 జులైలో మన హైకోర్టు చెప్పిందని కూడా చెప్పాను. అది జైనూర్ మండలాఫీసుకు వచ్చిందా అని అడిగాడు. పోయి చూద్దామన్నాను. ఇద్దరం బండి మీద పోయాం. గుమస్తా మా మాట విని, అటువంటి ఫారం తన దగ్గర లేదనీ, పాత ఫారంలోనే ఏదో ఒకటి రాయమనీ అన్నాడు. కుర్రాడు మతం గడిలో 'పేన్' అని రాశాడు. నేను గీత గీశాను. గుమస్తా రెండు కాగితాలూ చూసి, పైవాళ్లను అడిగి చెబుతానని బీరువాలో పెట్టాడు.