దేనారియస్ నుంచి దీనారి వరకు: ఒక నాణెం పేరు

నందిగామ, జగ్గయ్యపేట ప్రాంతం వారైతే మీరు ధనంబోడు స్తూపాన్ని చూసే ఉంటారు. 1882లో జేమ్స్ బర్జెస్ దాన్ని పరిశీలించాడు. అక్కడి ఆయక స్తంభాల శాసనాలు ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుని 20వ పాలనా సంవత్సరానివి. అదే రాజు 6వ ఏట వేసిన శాసనం ఒకటి నాగార్జునకొండలో ఉంది. ఉజ్జయిని రాజపుత్రి రుద్రధర భట్టారిక స్తంభం నిలిపి, 170 ‘దీనారి మాషకాలు’ ఇచ్చినట్లు అందులో చెప్పారు. మనకిక్కడ కావలసింది ‘దీనారి’ అన్న మాట.

దాని మూలం లాటిన్ ‘దేనారియస్’. మొదట ఇది విశేషణం. ‘పదేసి గలది’ అని అర్థం. పది ఆస్‌ల విలువగల వెండి నాణేనికి ఇదే పేరైంది. రోమన్లు క్రీ.పూ. 211 ప్రాంతంలో దీన్ని ముద్రించసాగారు. తర్వాత విలువ 16 ఆస్‌లకు మారినా పేరు మాత్రం ‘పది’ దగ్గరే ఉండిపోయింది!

రాముడు, రాముని, రామునికి అన్నట్లే లాటిన్‌లోనూ నామవాచకం చివర మారుతుంది. ప్రథమలో దేనారియస్, ద్వితీయలో దేనారియుమ్, షష్ఠిలో దేనారీ. ప్రథమా బహువచనం కూడా దేనారీయే. వీటిలో ద్వితీయ రూపాన్ని గుర్తుంచుకోండి. డబ్బు అనే అర్థంలో వాడే ఇటాలియన్ దెనారో, స్పానిష్ దినేరో దాని నుంచే వచ్చాయి. 1971 వరకు ఇంగ్లండులో పెన్నీకి ‘డి’ అని రాయడమూ ఈ మాట వల్లనే. గ్రీకు ద్వారా తూర్పుకు చేరి దీనార్ అయింది. కడప, గోదావరి జిల్లాల నుంచి కువైట్ వెళ్లినవారు జీతం లెక్కపెట్టేది ఈ మాటతోనే.

శాసనంలో దీని పక్కన ‘మాషక’ ఉంది. మాష అంటే మినుము; తూకానికీ, నాణేనికీ ఆ పేరు వాడేవారు. రోమన్ పేరుకు మినపగింజ జతకట్టింది. అంతమాత్రాన రాజపుత్రి రోమన్ నాణేలే ఇచ్చిందని తొందరపడి రాయకండి. నల్లగొండ జిల్లా అక్కనపల్లిలో దొరికిన రోమన్ వెండి నాణేలు అగస్టస్, టైబీరియస్‌ల కాలానివి. మన శాసనం క్రీ.శ. 3వ శతాబ్దానిది. పైగా గుప్తుల శాసనాలకు వచ్చేసరికి దీనారం బంగారు నాణెం. పేరు నిలిచినా లోహం మారగలదు.

జగ్గయ్యపేట నుంచే చెన్నై మ్యూజియానికి చేరిన చక్రవర్తి ఫలకం ఇంకా పాతది. రాజు చేయెత్తితే మబ్బుల్లోంచి నాణేలు రాలుతుంటాయి. అవి రోమన్ నాణేల్లా గుండ్రంగా ఉండవు. నలుపలకలుగా, మన విద్ధాంక నాణేల్లా ఉంటాయి.