సర్కారీ చొక్కా ఎవరి కష్టం?

జగ్గయ్యపేట, నందిగామ తాలూకాల చరిత్ర అనగానే మన పుస్తకాలు రెండు సంగతులు చెప్పి ఊరుకుంటాయి. ఒకటి బౌద్ధస్తూపం, రెండోది వాసిరెడ్డి వెంకటాద్రినాయుడి జమీ. మాలపల్లె, మాదిగగూడెం మాట రాదు. పటాలంలో చేరిన దళితుల మాట అసలే రాదు. సైన్యం గురించి రాసినవాళ్లు కూడా వీరత్వం గురించే రాశారు. మేము వీరత్వం పక్కనబెట్టి గుడ్డ సంగతి అడుగుతున్నాం. సిపాయి ఒంటిమీది చొక్కాకు డబ్బు ఎవరు పెట్టారు?

ఇది చిన్న ప్రశ్నేం కాదు. ఊళ్లో కులం మొదట కనపడేది గుడ్డలోనే. పంచె మోకాలు దిగకూడదు, భుజాన కండువా ఉండకూడదు, ఆసామి ఇంటిముందు చెప్పులు చేతబట్టుకుని నడవాలి. పాలేరుకు ఏడాదికోసారి ఇచ్చే పంచె, కంబళి, చెప్పులు నిజానికి అతని జీతంలో భాగం. కానీ దానికి ఆసామి దయ అని పేరు పెట్టారు. కాగితం మీద లేనిది ఇస్తే దయ, ఇవ్వకపోతే అడిగే దిక్కులేదు.

పటాలంలో కూడా గుడ్డ ఊరికే రాలేదు. 1766లో కంపెనీ సైన్యం కొండపల్లి కోటను పట్టుకుంది. ఈ మెట్ట ప్రాంతం అలా కంపెనీ చేతికి వచ్చింది. అంతకుముందే, 1757 నాటికి, మద్రాసు నుంచి క్లైవు వెంట వెళ్లిన సిపాయిలను బట్టి బెంగాల్లో ఎర్రకోటు సిపాయికి ‘తిలంగా’ అనే పేరు వచ్చింది. అది మన తెలుగు నేల పేరే. ఆ ఎర్రకోటు ఖర్చు సిపాయి జీతంలోనే పట్టుకునేవాళ్లు. కోటు పోను మిగతా బట్టలకు ‘హాఫ్ మౌంటింగ్’ అని ఇంకో కోత ఉండేది. దుస్తుల నిధిలో మిగిలిన సొమ్ము కర్నల్‌లు పంచుకునేవాళ్లు. సిపాయి చొక్కా కర్నల్‌కు లాభసాటి బేరం అయిందన్నమాట. 1895 దాకా సిపాయి నెలజీతం 7 రూపాయలు, ఆ ఏడు 9 అయింది. తిండి కూడా అందులోంచే తినాలి.

అయినా దళితులు ఎందుకు చేరారు? జీతం, పెన్షను, కాగితం. పాలేరు గుడ్డకు లెక్కలేదు, సిపాయి గుడ్డకు లెక్క ఉంది. కోత పెట్టినా రాసి కోస్తారు. పైగా ఆ చొక్కా విప్పమనే అధికారం ఊరి పెద్దకు లేదు.

1806 జూలై 10న వేలూరులో సిపాయిలు తిరగబడ్డారు. కొత్తరకం తలపాగా, దానికి తగిలించిన తోలు గుర్తు, బొట్టూ పోగులూ గడ్డమూ ఉండకూడదన్న ఆజ్ఞ కారణాలని అందరూ రాశారు. ఇది మతానికి జరిగిన అవమానం అన్నారు. అవమానం నిజమే. కానీ తోలు తాకితే మైల అనే ఆ నమ్మకం ఎవరిమీద మోపిన మైల? తోలు పనిచేసే మనిషి వైపు నుంచి ఈ ప్రశ్న ఏ చరిత్రకారుడూ వెయ్యలేదు.

పందొమ్మిదో శతాబ్దం చివర ‘యుద్ధజాతులు’ అనే సిద్ధాంతం తెచ్చారు. కమాండర్-ఇన్-చీఫ్ రాబర్ట్స్ దానికి పెద్ద ప్రచారకుడు. మద్రాసు సైన్యాన్ని కుదించారు, తెలుగువాళ్లకు చోటు తగ్గింది. 1891లో సుబేదారు రాంజీ కొడుకుగా మహూ కంటోన్మెంటులో అంబేద్కర్ పుట్టారు. మరుసటి ఏడాదే మహర్ల భర్తీ ఆపేశారు. ఒక తరానికి చదువు, పెన్షను ఇచ్చిన తలుపును మూసేశారు.

తలుపు మూసినా మన కష్టాన్ని మాత్రం వదల్లేదు. 1916లో బ్రిటిష్ సైనికుల బూట్ల కోసం మద్రాసు రాష్ట్రపు ఊనిన తోళ్లను సర్కారు తన అదుపులోకి తీసుకుంది. ఆ తోలుతో చేసిన బూట్లు యూరపు యుద్ధభూముల్లో నడిచాయి. ఆ తోలు పని చేసిన కులం మాత్రం ఊరి బజారులో చెప్పులు తొడుక్కోకూడదు. ఆ మరుసటి ఏడాదే, 1917 నవంబరులో, నందిగామకు దగ్గర్లోని బెజవాడలో భాగ్యరెడ్డివర్మ అధ్యక్షతన పంచమ మహాసభ జరిగింది. తమను ‘ఆది ఆంధ్రు’లనాలని అక్కడ తీర్మానించారు. పేరు గౌరవంగా ఉండాలన్నా, గుడ్డ గౌరవంగా ఉండాలన్నా అది ఒకే పోరాటం.

రెండో ప్రపంచయుద్ధంలో మనుషులు చాలక తలుపు మళ్లీ తెరిచారు. 1941లో మహర్ రెజిమెంటు పుట్టింది. అవసరం వచ్చినప్పుడు ‘యుద్ధజాతి’ కానివాడు కూడా సిపాయి అయ్యాడు.

ఇప్పటి లెక్క చూద్దాం. అధికారి తన యూనిఫారం తనే కుట్టించుకోవడం, జవానుకు సర్కారు గుడ్డ ఇవ్వడం పాత ఆనవాయితీ. ఏడో వేతన సంఘం తర్వాత, 2017 జూలై నుంచి, కిట్టు, ఉతుకు, బూట్లు వంటి వేర్వేరు భత్యాలను కలిపి ఏడాదికోసారి ఇచ్చే డ్రెస్ అలవెన్సు చేశారు. అధికారికి 20,000, జవానుకు 10,000 రూపాయలు. కరువుభత్యం 50 శాతం పెరిగినప్పుడల్లా ఇది 25 శాతం పెరగాలి. 2024లో అలా పెరిగింది కూడా. కర్నల్ జేబులోకి పోయిన సొమ్ము సిపాయి ఖాతాలోకి రావడానికి రెండువందల ఏళ్లు పట్టింది. ఇది దయ కాదు, హక్కు.

అయితే 2022లో వచ్చిన అగ్నిపథ్ పథకాన్ని కూడా దీని పక్కనబెట్టి చదవాలి. అగ్నివీరుడికి డ్రెస్ అలవెన్సు ఉంది. నాలుగేళ్ల తర్వాత మాత్రం పెన్షను లేదు. నాలుగో వంతుకు మించి మందిని ఉంచుకోరు. దళిత కుటుంబాన్ని నిలబెట్టింది ఒంటిమీది గుడ్డ ఒక్కటే కాదు, గుడ్డ విప్పాక చేతికొచ్చిన పెన్షను కాగితం కూడా. ఇప్పుడు గుడ్డ ఉంచి కాగితం తీసేశారు.

ఈ ప్రాంతం ఇప్పుడు ఎన్టీఆర్ జిల్లాలో ఉంది. ఇక్కడి విద్యార్థులను, ఉపాధ్యాయులను, కార్యకర్తలను మేము కోరేది ఒకటే. మన పల్లెల్లో పాత ట్రంకుపెట్టెల అడుగున డిశ్చార్జి పుస్తకాలు, పేబుక్కులు, పెన్షను కాగితాలు ఉంటే, చెదలు తినకముందే నకళ్లు తీయండి. ఏ నెల ఎంత కోశారో, ఏమిచ్చారో రాసుకోండి. పాలేరు గుడ్డకు కాగితం లేదు కాబట్టి ఆ చరిత్ర ఆసామి చెప్పిందే అయింది. సిపాయి గుడ్డకు కాగితం ఉంది. దాన్ని మనమే చదవాలి.