కమిషన్ లేని కాలంలో ఇసామియా బజార్

కులం పేరుతో ఊరికి ఎడంగా ఉంచిన మనుషుల హక్కుల కోసం హైదరాబాదులో పుట్టిన తొలి సంస్థల్లో జగన్మిత్ర మండలి ఒకటి. సుల్తాన్ బజార్‌కు ఆనుకుని ఉన్న ఇసామియా బజార్‌లో 1906లో అది మొదలైంది. స్థాపించిన మాదరి భాగయ్యకు అప్పటికి 18 ఏళ్లు. 1911లో మండలి మన్య సంఘమైంది. మరో పదేళ్లకు ఆది హిందూ సోషల్ సర్వీస్ లీగ్ అయింది. దీన్ని ఏ సర్కారూ నియమించలేదు, ఏ చట్టమూ దీనికి అధికారం ఇవ్వలేదు. అయినా ఇవాళ మానవ హక్కుల కమిషన్, ఎస్సీ కమిషన్, విద్యాశాఖ, న్యాయసేవల సంస్థ పంచుకుంటున్న పనుల్లో చాలావాటిని ఆ రోజుల్లోనే ఈ ఒక్క సంఘం నెత్తికెత్తుకుంది.

ఆ చరిత్రను ఇప్పుడు తిరగేయడానికి కారణం ఉంది. 2027 జనగణనలో ప్రతి ఇంటా కులం అడిగి రాసుకోబోతున్నారు. దేశంలో అన్ని కులాలనూ లెక్కించి అంకెలు ప్రకటించిన చివరి జనగణన 1931 నాటిది. ఆ లెక్కలో నిజాం రాజ్యంలోని మాల, మాదిగలు ‘ఆది హిందువులు’గా నమోదు కావడం ఇసామియా బజార్ సంఘం సాధించిన పెద్ద విజయం.

అంతకు ముందరి శతాబ్దాల గురించి చెప్పుకోగలిగింది కొంచెమే. 1591లో నగరం వెలసినప్పటి నుంచి కోటలూ బాగులూ నవాబులూ చరిత్రకెక్కారు. వీధులు ఊడ్చినవారు, తోలు పని చేసినవారు, శవాలు మోసినవారు, మోటబావుల దగ్గర చెమటోడ్చినవారు దర్బారు రాతల్లో దాదాపు కనిపించరు. పంతొమ్మిదో శతాబ్దం మొదట్లో బ్రిటిష్ రెసిడెంటు కిర్క్‌పాట్రిక్ మూసీ ఉత్తరపు ఒడ్డున రెసిడెన్సీ భవనం కట్టించాడు. దాని చుట్టూ పెరిగిన అంగళ్ల పేట రెసిడెన్సీ బజార్లు. అక్కడ చెల్లింది నిజాం చట్టం కాదు, ఇంగ్లీషువారి చట్టం. 1857 జులై 17న తుర్రెబాజ్ ఖాన్, మౌల్వీ అలావుద్దీన్ ఆ రెసిడెన్సీ మీదికే దండెత్తారు. 1933లో ఆ పేటను నిజాంకు తిరిగి అప్పగించాకే దానికి సుల్తాన్ బజార్ అన్న పేరు వచ్చింది.

ఇద్దరు ఏలికల మధ్య ఉండటం ఆ పేటకు ఒక విధంగా మేలు చేసింది. నిజాం కొత్వాలు నీడ అంతగా పడని చోట సంఘాలు, గ్రంథాలయాలు, బడులు పుట్టుకొచ్చాయి. 1892 నుంచి ఆర్యసమాజం అక్కడ ఉంది. 1901 సెప్టెంబరు 1న శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం మొదలైంది. 1907లో మరాఠీ సంస్కర్తలు వివేకవర్ధిని పాఠశాల పెట్టారు. 1921 నవంబరులో ఆ వివేకవర్ధిని ప్రాంగణంలోనే, మహర్షి కర్వే అధ్యక్షతన జరిగిన సంఘ సంస్కార సభలో, అల్లంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోతే సభికులు గేలి చేశారు. ఆ అవమానంలోంచి ఆంధ్ర జనసంఘం పుట్టిన సంగతి తెలంగాణలో చాలామందికి తెలుసు. అదే పేటలో అంతకు పదిహేనేళ్ల ముందే ఇంకా లోతైన అవమానం మీద పని మొదలైందన్న సంగతి అంతమందికి తెలియదు.

భాగయ్య 1888 మే 22న ఒక మాల కుటుంబంలో పుట్టాడు. కుర్రతనంలో ఒక బారిస్టరు ఇంట్లో పనికి కుదిరాడు. అక్కడి పత్రికలూ పుస్తకాలే ఆయనకు బడి. కుటుంబ గురువు ఆయన పేరును భాగ్యరెడ్డిగా మార్చాడు. రెడ్డి అంటే రేడు, ఏలిక అని, ఈ నేల మొదటి ఏలికలు వీరేనని గురువు నమ్మకం. ‘వర్మ’ అన్నది 1913లో ఆర్యసమాజం ఇచ్చిన బిరుదు. అలా ఆయన భాగ్యరెడ్డి వర్మ అయ్యాడు.

మండలి మొదట పట్టుకున్న సాధనం హరికథ. చదువు రానివారికి కరపత్రం పంచి లాభం లేదు. భజన, హరికథ అయితే వాడంతా వచ్చి కూర్చుంటుంది. కథ నడుమ తాగుడు గురించి, పసిపిల్లల పెళ్లిళ్ల గురించి, ఆడపిల్లలను దేవుడి పేరిట జోగినులుగా, బసివినులుగా విడిచే ఆచారం గురించి మాట నడిచేది. 1910లో బడులు మొదలయ్యాయి. ఇసామియా బజార్‌లో ఒకటి, నారాయణగూడకు దగ్గరలోని లింగంపల్లిలో ఒకటి. సర్కారు చదువంతా ఉర్దూలో సాగుతున్న రోజుల్లో ఈ బడుల్లో పిల్లలు తెలుగులో అక్షరాలు దిద్దారు. క్రమంగా అవి 26 బడులయ్యాయి, 2,600 మంది పిల్లలు చదివే స్థాయికి ఎదిగాయి. 1930ల నడుమ నిజాం ప్రభుత్వం వాటిని తన చేతిలోకి తీసుకుంది.

బడులతో పాటు పంచాయతీ నడిచింది. భార్యాభర్తల తగాదా, అప్పు గొడవ, వాడలో కొట్లాట ఏదైనా కోర్టు మెట్లెక్కి వకీలు చేతిలో ఇల్లు గుల్ల చేసుకోకుండా సంఘం పెద్దలే కూర్చోబెట్టి తీర్చేవారు. స్వస్తిక్ దళ్ పేరుతో వలంటీర్ల దళమూ ఏర్పడింది. సంఘానికి అండగా నిలిచినవారిలో హైకోర్టు న్యాయమూర్తిగా పనిచేసిన రాయ్ బాలముకుంద్ ఉన్నారు. పై కులాల ఉదారులను వర్మ కలుపుకుపోయాడు, కానీ సంఘం పగ్గం మాత్రం తమ చేతుల్లోనే ఉంచుకున్నాడు. ఆ కాలానికి ఇది అరుదైన సంగతి.

ఈ కథలో అన్నిటికంటే వెలుగున్న ఘట్టం హైదరాబాదులో జరగలేదు. అది 1917 నవంబరు 4, 5, 6 తేదీల్లో బెజవాడలో జరిగింది. దాన్ని తీరిగ్గా చెప్పుకోవాలి.

ఆ ఏడాది ఆగస్టులో బ్రిటిష్ ప్రభుత్వం హిందూదేశానికి క్రమంగా బాధ్యతాయుత పాలన ఇస్తామని ప్రకటించింది. రాజ్యాంగ మార్పుల విచారణకు బ్రిటిష్ మంత్రి మాంటేగు నవంబరులో రాబోతున్నాడు. దేశంలో ప్రతి వర్గమూ తన అర్జీ రాసుకుంటున్న వేళ అది. కృష్ణా జిల్లాలో అస్పృశ్యుల సేవకు పూనుకున్న గూడూరు రామచంద్రరావు, వారి కోసం ఆంధ్రదేశపు మొదటి మహాసభ బెజవాడలో తలపెట్టాడు. దానికి ‘పంచమ మహాసభ’ అని పేరు పెట్టారు. నాలుగు వర్ణాలకు బయటివారు కనుక పంచములు. సర్కారు కాగితాల్లోనూ పత్రికల్లోనూ అప్పటికి చలామణిలో ఉన్న పేరు అదే. పెట్టినవారి మనసులో కీడు లేదు.

అధ్యక్షత వహించడానికి హైదరాబాదు నుంచి భాగ్యరెడ్డి వర్మ వచ్చాడు. ఆయనకు 29 ఏళ్లు. నిజాం రైలు 1889 నుంచే బెజవాడ దాకా నడుస్తోంది. ఒక రాజ్యం దాటి మరో రాజ్యంలోకి రావడమే ఆ ప్రయాణం. ఇటు ఆసఫ్‌జాహీ ఫర్మానాలు, అటు మద్రాసు ప్రెసిడెన్సీ చట్టాలు. మాల మాదిగ వాడల మంచినీళ్ల బావికి మాత్రం రెండు చోట్లా ఒకటే గతి.

సభ జరిగిన మూడు రోజులూ బెజవాడ కనకదుర్గ గుడి తలుపులు మూసేశారు. ప్రతినిధులు కొండెక్కి లోపలికి వస్తారేమోనని భయం. కింద ఊళ్లో కొన్ని వందల మంది కూర్చుని బడి గురించి, బావి గురించి మాట్లాడుకుంటుంటే పైన ఇంద్రకీలాద్రి మీద అమ్మవారికి తాళం పడింది. ఆ సభకు ఎంత బలముందో ఏ తీర్మానం కంటే ఈ తాళమే ఎక్కువ చెబుతుంది. కొండ మీదికి వారి దారిని చట్టం తెరవడానికి ఇంకా 30 ఏళ్లు పట్టింది. మద్రాసు ఆలయ ప్రవేశ చట్టం 1947లో వచ్చింది.

అధ్యక్ష స్థానంలో నిలబడిన వర్మ మొదట తప్పుపట్టింది సభ పేరునే. పంచములు అన్న మాట పురాణాల్లో లేదు, శాస్త్రాల్లో లేదు అన్నాడు. ఆ పేరుతో పిలవబడుతున్నవారు ఈ నేలకు తొలి బిడ్డలనీ, ఒకప్పటి ఏలికలనీ, తరువాత వచ్చినవారు వారిని అణగదొక్కారనీ వాదించాడు. పిలిచి పీట వేసినవారి ఎదుటే వారు పెట్టిన పేరును తోసిపుచ్చడానికి గుండె కావాలి. దాన్ని విని ఒప్పుకోవడానికీ గుండె కావాలి. నిర్వాహకులు ఒప్పుకున్నారు. పంచమ మహాసభగా మొదలైనది ప్రథమ ఆది ఆంధ్ర మహాసభగా ముగిసింది. బడులు కావాలని, మంచినీళ్ల బావులు కావాలని, చట్టసభల్లో స్థానిక సంస్థల్లో తమవారికి చోటు కావాలని తీర్మానాలు చేశారు.

పేరు మార్పు పైపై పని అని అప్పుడూ అన్నవారున్నారు, ఇప్పుడూ ఉన్నారు. ఆ మాట సరికాదు. అర్జీ మీద రాసే మొదటి పదం అర్జీదారు ఎవరన్నది. ‘అయిదోవాడు’ అని రాసుకుంటే దయ అడిగినట్టు. ‘ఆదివాడు’ అని రాసుకుంటే బాకీ అడిగినట్టు. 1922 మార్చిలో మద్రాసు ప్రభుత్వం 817 నంబరు జీవోతో పంచమ, పరయ వంటి పేర్ల స్థానంలో ఆది ఆంధ్ర, ఆది ద్రావిడ పేర్లను అంగీకరించింది. బెజవాడ సభకూ ఆ జీవోకూ మధ్య గడిచింది అయిదేళ్ల లోపే.

బెజవాడ నుంచి తిరిగొచ్చిన నెలన్నరకే వర్మ కలకత్తా సంస్కరణ సభకు వెళ్లాడు. 1922లో ఆది హిందువుల అఖిల భారత సభ హైదరాబాదులోనే జరిగింది. 1925లో ఆది హిందూ చిత్రకారుల, శిల్పుల, చేతిపనివారి పనితనం చూపే ప్రదర్శన పెట్టారు. 1931లో ‘భాగ్యనగర్’ పక్షపత్రిక మొదలైంది. తెలుగులో దళిత జీవితం మీద వచ్చిన తొలి కథారచనల్లో ఒకటైన ‘వెట్టి మాదిగ’ను ఆయన ఆ పత్రికలోనే ధారావాహికగా రాశాడు. ఆయన జీవితకాలంలో 3,348 ఉపన్యాసాలు ఇచ్చాడని చరిత్రకారులు లెక్క చెబుతారు. ఆ ఉపన్యాసాల ఒత్తిడీ అర్జీల పట్టుదలా కలిసి 1931 జనగణన పుస్తకంలో ‘ఆది హిందూ’ అన్న పదం ఎక్కింది. 1939 ఫిబ్రవరి 18న ఆయన కన్నుమూశాడు.

అయితే ఆది హిందూ ఉద్యమం ఏనాడూ ఒక్క సంఘం సొత్తు కాదు. సికింద్రాబాదు ఘాస్‌మండీలో అరిగె రామస్వామి 1912లోనే సునీత బాల సమాజం పెట్టాడు. 1931లో మాదిగలు తమ కోసం అరుంధతీయ సభ ఏర్పరచుకున్నారు. మాలల నాయకత్వంలో నడిచే సంఘంలో తమ గొంతు వినపడటం లేదన్నది వారి బాధ, అందులో న్యాయం ఉంది. బి.ఎస్. వెంకట్రావు తరం అంబేడ్కర్ బాట పట్టి, చదువు కోసం నిజాం సర్కారు నుంచి కోటి రూపాయల నిధి సాధించింది.

1948లో నిజాం రాజ్యం భారతదేశంలో కలిశాక ఈ కథ ఒక దారిన నడవదు. 1950లో రాజ్యాంగం 17వ అధికరణంతో అంటరానితనాన్ని రద్దు చేసింది. 1985లో కారంచేడు, 1991లో చుండూరు ఊచకోతలు, రద్దయింది కాగితం మీదేనని చూపాయి. కారంచేడు తర్వాత 1989లో అత్యాచారాల నిరోధక చట్టం వచ్చింది. జస్టిస్ పున్నయ్య కమిషన్ సిఫారసుతో ప్రతి నెలా 30న గ్రామాల్లో పౌరహక్కుల దినం జరపాలని ఆదేశాలొచ్చాయి. తహసీల్దారు, పోలీసు అధికారి ఊరికి వెళ్లి హోటల్లో గ్లాసులు, గుళ్లో ప్రవేశం, బావి దగ్గర వరుస అడిగి తెలుసుకోవాలి. శ్రద్ధగా చేసిన ఊళ్లో అది పనిచేస్తుంది. ఫొటోకు పరిమితమైన ఊళ్లో గ్లాసులు రెండుగానే ఉంటాయి.

1993 నాటి చట్టం కింద ఉమ్మడి రాష్ట్రంలో మానవ హక్కుల కమిషన్ 2005లో ఏర్పడింది. నాంపల్లి గృహకల్పలో దాని కార్యాలయం. ఫీజు లేకుండా, వకీలు లేకుండా ఎవరైనా అర్జీ ఇవ్వొచ్చు. కమిషన్ విచారిస్తుంది, నివేదిక తెప్పిస్తుంది, పరిహారం సిఫారసు చేస్తుంది. ఆదేశించే అధికారం దానికి లేదు. తెలంగాణకు విడిగా 2019 డిసెంబరులో జస్టిస్ చంద్రయ్య అధ్యక్షతన కమిషన్ వచ్చింది. 2022 డిసెంబరులో పదవీకాలం ముగిశాక రెండేళ్లకు పైగా కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. 2025 ఏప్రిల్‌లో జస్టిస్ షమీమ్ అఖ్తర్ బాధ్యతలు తీసుకున్నారు. లాకప్‌లో దెబ్బలు తిన్నవాడికి, హాస్టల్లో పురుగుల అన్నం తిన్న పిల్లకు రెండేళ్లంటే చిన్న కాలం కాదు.

మిగతా పనులు తలోచోట సాగుతున్నాయి. 1919 నాటి ఆసఫియా చట్టమొకటి హిజ్రాలను రిజిస్టరులో రాయించి నేరస్థుల్లా చూసింది. 2023 జులైలో తెలంగాణ హైకోర్టు దాన్ని కొట్టివేసింది. 2024 డిసెంబరులో 39 మంది ట్రాన్స్‌జెండర్లు హైదరాబాదు ట్రాఫిక్ సహాయకులుగా చేరారు. కోఠి, సుల్తాన్ బజార్ దారుల్లో రోడ్డు మీద అమ్ముకునేవారి కోసం 2014 చట్టం పట్టణ వెండింగ్ కమిటీలు పెట్టమంది. అందులో 40 శాతం సభ్యులు వ్యాపారులే ఉండాలి, వారిలో మూడో వంతు మహిళలు కావాలి. ఒకప్పటి రెసిడెన్సీ భవన ప్రాంగణంలోని మహిళా విశ్వవిద్యాలయానికి 2024లో చాకలి ఐలమ్మ పేరు పెట్టారు. అశోక్‌నగర్, చిక్కడపల్లి గదుల్లో గ్రూప్స్‌కు చదివే వేల మంది పిల్లలు తెలంగాణ చరిత్ర పేపర్‌లో జగన్మిత్ర మండలి ఏ సంవత్సరమో బట్టీ పడుతున్నారు. ఇసామియా బజార్ వారికి నడిచి వెళ్లేంత దూరం.

2025 ఏప్రిల్ 14 నుంచి తెలంగాణలో ఎస్సీ వర్గీకరణ అమల్లోకి వచ్చింది. 59 కులాలను మూడు గ్రూపులు చేసి 15 శాతాన్ని 1, 9, 5గా పంచారు. 1931లో అరుంధతీయులు ఎత్తిన ప్రశ్నకు చట్టం ఇచ్చిన జవాబు ఇది. ఆ జాబితాలో అరుంధతీయ ఉంది. బెజవాడలో పుట్టిన ఆది ఆంధ్ర, అక్షరక్రమంలో అన్నిటికంటే ముందు ఉంది. ‘ఆది హిందూ’ లేదు. 2027లో ఇంటికొచ్చే ఎన్యూమరేటర్ దగ్గర, 1931లో ఆది హిందువులుగా నమోదైనవారి మనవలు ఆ పేరుతో లెక్కకెక్కలేరు. మాల, మాదిగ, లేదా జాబితాలోని మరో పేరు చెప్పుకోవాలి.