కోసిన బ్రెడ్డు కొలబద్ద అయిన వైనం: ఒక అమెరికన్ నానుడి వెనుక చరిత్ర

ఇంగ్లీషు మాట్లాడే దేశాలలో కొత్త వస్తువేదైనా మనసుకు బాగా నచ్చితే వాడే మాట ఒకటుంది: ముక్కలు కోసిన బ్రెడ్డు వచ్చిన తరవాత ఇంత గొప్పది మరొకటి రాలేదని. కొత్త ఫోనుకూ ఆ మాటే, కొత్త అల్లుడికీ ఆ మాటే. విమానాన్నీ, రేడియోనూ, పెన్సిలిన్‌నూ చూసిన శతాబ్దం గొప్పతనానికి కొలబద్దగా బ్రెడ్డు ముక్కను ఎందుకు పెట్టుకుంది? నవ్వి వదిలేయాల్సిన ప్రశ్న కాదిది. ఈ నానుడికి వాక్యపు అచ్చును ఇచ్చింది ఒక పత్రికా ప్రకటన అనీ, ప్రాణం పోసింది మాత్రం వంటింట్లో పొద్దున్నే ఆడవాళ్ళు చేసే, ఎవరి లెక్కకూ ఎక్కని పని అనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కాగితం చుట్టాక మారిన బ్రెడ్డు

పందొమ్మిదో శతాబ్దం చివరిదాకా అమెరికాలో బ్రెడ్డు ఎక్కువగా ఇంటి వంటే. పిండి కలిపి, పులియబెట్టి, పొయ్యిలో కాల్చేది ఇల్లాలు. 1930 నాటికి పరిస్థితి తలకిందులైంది. చాలా ఇళ్ళలో బ్రెడ్డంటే అంగట్లోంచి, అంటే ఫ్యాక్టరీ నుంచి వచ్చేదే. ఈ మార్పులో పరిశుభ్రత గురించిన భయానికి పెద్ద పాత్ర ఉంది. ఎవరెవరి చేతులో తాకిన బ్రెడ్డు మంచిది కాదన్న అభిప్రాయం నగరాలలో బలపడింది. 1910 తరవాతి సంవత్సరాలలో బేకరీలు బ్రెడ్డును మైనపు కాగితంలో చుట్టి అమ్మసాగాయి.

ఆ కాగితం కొత్త చిక్కు తెచ్చింది. చుట్టిన బ్రెడ్డు కంటికి కనిపించదు, వాసన తెలియదు. అది ఈ పూటదా నిన్నటిదా అని తేల్చుకోవడానికి కొనేవాళ్ళకు మిగిలిన దారి ఒక్కటే, వేళ్ళతో నొక్కి చూడడం. అమెరికన్ బ్రెడ్డు సామాజిక చరిత్రపై 2012లో ‘వైట్ బ్రెడ్’ అనే పుస్తకం రాసిన ఆరన్ బోబ్రో-స్ట్రెయిన్ ఇక్కడే ఒక సూక్ష్మమైన సంగతి పట్టుకున్నారు. మెత్తదనమే తాజాదనానికి గుర్తు కావడంతో బేకరీలు బ్రెడ్డును ఇంకా ఇంకా మెత్తగా చేస్తూ పోయాయి. మెత్తటి బ్రెడ్డును ఇంట్లో కత్తితో కోయడం కష్టం. కత్తి ఆనితే అణిగిపోతుంది, లాగితే చిరుగుతుంది, ఒక ముక్క లావుగా, మరొకటి పల్చగా వస్తుంది.

అంటే కోత యంత్రం అవసరాన్ని సృష్టించింది చాలావరకు ఫ్యాక్టరీయే. దీనికి మరో వస్తువు తోడైంది. మిన్నెసోటా రాష్ట్రానికి చెందిన చార్ల్స్ స్ట్రయిట్ 1921లో టోస్టు తనంతట తానే పైకి లేచే టోస్టర్‌కు పేటెంట్ పొందాడు. 1926లో ‘టోస్ట్‌మాస్టర్’ పేరుతో ఇళ్ళకు పనికొచ్చే నమూనా మార్కెట్లోకి వచ్చింది. ఆ టోస్టర్ సందులో ముక్క సరిగ్గా పట్టాలంటే, ప్రతి ముక్కా ఒకే తీరున కాలాలంటే, మందం ఒకేలా ఉండాలి. చేతికోతకు అది సాధ్యమయ్యే పని కాదు.

నగల వ్యాపారి మొండి పట్టు

బ్రెడ్డు కోసే యంత్రాన్ని తయారుచేసినవాడు బేకరీ మనిషి కాడు. ఓటో ఫ్రెడరిక్ రోవెడర్ 1880లో అయోవా రాష్ట్రం డెమోయిన్‌లో పుట్టాడు. చదివింది కళ్ళద్దాలకు సంబంధించిన విద్య, చేసింది నగల వ్యాపారం. మిస్సోరి రాష్ట్రం సెయింట్ జోసెఫ్‌లో అతనికి మూడు నగల దుకాణాలుండేవి. గడియారాల లోపలి చిన్న చిన్న భాగాలతో రోజూ పనిచేసిన అనుభవం అతన్ని యంత్రాల వైపు లాగింది. చివరికి దుకాణాలు అమ్మేసి, ఆ సొమ్మంతా బ్రెడ్డు కోసే యంత్రం మీద పెట్టాడు.

1917లో ఇల్లినాయ్ రాష్ట్రం మన్మత్‌లోని ఫ్యాక్టరీలో అగ్నిప్రమాదం జరిగి, అతని తొలి నమూనా, దాని నక్షాలు అన్నీ కాలి బూడిదయ్యాయి. మళ్ళీ డబ్బు కూడగట్టుకుని పనిని గాడిలో పెట్టడానికి పదేళ్ళు పట్టింది.

కోసిన బ్రెడ్డు ఆలోచనకు బేకరీ యజమానులు ఒప్పుకోలేదు. వాళ్ళ అభ్యంతరం కూడా కొట్టిపారేయదగ్గది కాదు. కోయని బ్రెడ్డుకు పైపెచ్చే కవచం. కోసిన మరుక్షణం ప్రతి ముక్కకూ రెండు వైపులా గాలి తగులుతుంది, తేమ పోతుంది, బ్రెడ్డు త్వరగా గట్టిపడుతుంది. పైగా కోసిన ముక్కలు విడిపోయి చెల్లాచెదరవుతాయి. ముక్కలన్నీ కలిసి ఉండేందుకు రోవెడర్ మొదట పొడవాటి పిన్నులు గుచ్చి చూశాడు. అవి ఊడిపోయేవి. చివరికి తోచిన ఉపాయం సూటిగా ఉంది: కోసిన వెంటనే, ముక్కలు విడిపోకముందే, బిగుతుగా కాగితం చుట్టేయడం. 1928 నవంబరులో అతను పేటెంట్‌కు దరఖాస్తు చేశాడు. 1932 జులై 12న అది మంజూరైంది. ఒక లోఫ్ (కోయని బ్రెడ్డు దిమ్మ) మొత్తాన్ని ఒకే విడతలో కోసే యంత్రమని దానికి పేరు. పైకీ కిందికీ ఆడే బ్లేడ్ల వరుసల గుండా లోఫ్‌ను నెడితే అటువైపు ముక్కలుగా బయటికొస్తుంది.

ఏ మైనపు కాగితం బ్రెడ్డును మెత్తబరచి చేతికోతను కష్టం చేసిందో, ఆ కాగితమే యంత్రపు కోతను నిలబెట్టింది. కాగితం లేకపోతే కోసిన బ్రెడ్డు ఒక్క రోజు కూడా నిలిచేది కాదు.

ఒక ప్రకటన, ఒక వాక్యపు అచ్చు

యంత్రాన్ని మొదట కొన్నవాడు మిస్సోరిలోని చిల్లికోథి అనే చిన్న ఊళ్ళో బేకరీ నడుపుతున్న ఫ్రాంక్ బెంచ్. 1928 జులై 7న ఆ బేకరీ ‘క్లీన్ మెయిడ్’ పేరుతో కోసిన బ్రెడ్డు అమ్మింది. అంతకు ముందురోజే స్థానిక పత్రిక ఈ సంగతిని పెద్ద వార్తగా వేసింది. ముక్కలన్నీ ఒకదానికొకటి అచ్చుగుద్దినట్టు ఉండడం చూసి ఇల్లాలు పొందే ఆనందాన్ని విలేకరి ఉత్సాహంగా వర్ణించాడు. కత్తితో ఎవరూ ఇంత నేర్పుగా కోయలేరని తేల్చి చెప్పాడు.

బేకరీ ఇచ్చిన ప్రకటనలోని వాక్యం మన పరిశీలనకు కీలకం. బ్రెడ్డుకు కాగితం చుట్టడం మొదలయ్యాక బేకింగ్ పరిశ్రమ వేసిన అతి పెద్ద ముందడుగు ఇదేనని దాని సారాంశం. ఇక్కడ కొలబద్ద బ్రెడ్డు కాదు, కాగితం. ఫలానాది వచ్చాక ఇంత గొప్పది లేదు అనే వాక్య నిర్మాణం మాత్రం అప్పటికే సిద్ధంగా ఉంది. తరవాతి కాలంలో ఆ నిర్మాణం చెక్కుచెదరలేదు. అందులో కాగితం కూర్చున్న చోటులోకి కోసిన బ్రెడ్డు వచ్చి కూర్చుంది. నిన్న కొలవబడిన వస్తువు ఇవాళ కొలత అయింది.

ఈ స్థానం మారడానికి ఆ బ్రెడ్డు దేశమంతటికీ తెలియాలి. ఆ పని చకచకా జరిగింది. సెయింట్ లూయిస్‌లో గుస్తవ్ పాపెండిక్ అనే బేకరీదారు యంత్రాన్ని కొని, ముక్కలు చెదరకుండా అట్టముక్క ఆధారంగా పెట్టి చుట్టే పద్ధతి కనిపెట్టాడు. 1930లో కాంటినెంటల్ బేకింగ్ కంపెనీ తన ‘వండర్ బ్రెడ్’ను కోసిన రూపంలో దేశవ్యాప్తంగా అమ్మడం ప్రారంభించింది. 1933 నాటికి అమెరికన్ బేకరీలలో కోయని బ్రెడ్డు కంటే కోసిన బ్రెడ్డే ఎక్కువగా తయారవుతోంది. అయిదేళ్ళలో ఒక కొత్త వస్తువు, ఇదివరకు లేదంటే నమ్మబుద్ధి కానంత మామూలైపోయింది.

ఏడు వారాల నిషేధం

మామూలైపోయిన వస్తువు విలువ అది లేనినాడు తెలుస్తుంది. ఆ రోజు 1943 జనవరి 18న వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధం నడుస్తున్న ఆ కాలంలో, ఆహార వ్యవహారాలు చూస్తున్న వ్యవసాయ మంత్రి క్లాడ్ వికర్డ్ కోసిన బ్రెడ్డు అమ్మకాన్ని నిషేధించాడు. ప్రభుత్వం చూపిన ప్రధాన కారణం, కోసిన బ్రెడ్డు ఎండిపోకుండా ఉండాలంటే దళసరి మైనపు కాగితం కావాలి, దాన్ని పొదుపు చేయాలి అన్నది. గోధుమపిండి ధర పెరగనిచ్చాక బేకరీల ఖర్చు తగ్గించి బ్రెడ్డు ధరను అదుపులో ఉంచాలన్న ఆలోచన కూడా ఉంది.

పంచదారకూ పెట్రోలుకూ రేషన్ పెడితే సర్దుకున్న జనం దీనికి సర్దుకోలేదు. న్యూయార్క్ మేయర్ లా గార్డియా, యంత్రాలు ఇప్పటికే ఉన్న బేకరీలనైనా కోయనివ్వమని సూచించాడు. ఆ నెలాఖరులో ‘న్యూయార్క్ టైమ్స్’లో కనెటికట్ గృహిణి ఒకరి ఉత్తరం వచ్చింది. ఆవిడ ఆవేశపడలేదు, లెక్క చెప్పింది. భర్తకూ నలుగురు పిల్లలకూ పొద్దున టోస్టుకు తలా రెండు ముక్కలు కోయాలి. మధ్యాహ్నం శాండ్‌విచ్‌లకు మరికొన్ని కోయాలి. అందరూ వెళ్ళాక తన టోస్టుకు వేరే కోసుకోవాలి. ఇదంతా గడియారంతో పోటీపడుతూ, హడావుడిలో.

ఈ ఉత్తరం చిన్నదే అయినా చరిత్రకారులకు విలువైన సాక్ష్యం. పత్రికా వార్తలు, ప్రకటనలు కోసిన బ్రెడ్డును నున్నదనం గురించీ సమానమైన మందం గురించీ పొగిడాయి. ఆ ఉత్తరం పనిని లెక్కపెట్టింది. ఒక్క ముక్క కోయడానికి పట్టే సమయం ఎంతో కాదు. రోజుకు ఇరవై ముప్పై ముక్కలు, వారానికి ఏడు రోజులు, ఏళ్ళ తరబడి కోస్తే అది ఒక ఉద్యోగం. పదిహేనేళ్ళ పాటు ఆ ఉద్యోగాన్ని యంత్రం చేసిపెట్టింది. 1943లో అది మళ్ళీ ఆడవాళ్ళ చేతికొచ్చింది.

మార్చి 8న నిషేధం ఎత్తేశారు. అనుకున్నంత పొదుపు జరగలేదనీ, నాలుగు నెలలకు సరిపడా మైనపు కాగితం నిల్వ ఉందనీ వికర్డ్ వివరణ ఇచ్చాడు. సరిగ్గా ఏడు వారాల ముచ్చట అది.

ప్రకటన నుంచి నానుడిగా

ఈ నానుడి తొలి అచ్చు రూపాలలో ఒకటిగా తరచూ చూపేది 1952 నాటిది. హాస్యనటుడు రెడ్ స్కెల్టన్ ఒక పత్రికతో మాట్లాడుతూ టెలివిజన్‌ను మెచ్చుకోవడానికి కోసిన బ్రెడ్డుతో పోల్చాడు. అతను ఆ మాటకు వివరణ ఇవ్వలేదు. అంటే పాఠకులకు అది వెంటనే అర్థమవుతుందన్న నమ్మకం అతనికీ, అచ్చువేసిన పత్రికకూ ఉంది.

1928 ప్రకటనకూ 1952కూ మధ్య ఇరవైనాలుగేళ్ళు. ఆ మధ్యకాలంలోనే 1943 ఉంది. కోసిన బ్రెడ్డు సౌకర్యాన్ని ఒక తరం రెండుసార్లు అనుభవించింది, వచ్చినప్పుడు ఒకసారి, పోయి మళ్ళీ వచ్చినప్పుడు ఒకసారి. విమానం ఎక్కినవాళ్ళు ఆనాడు కొద్దిమంది. బ్రెడ్డు ముక్క ప్రతి ఇంటి పళ్ళెంలోనూ ఉంది. కొలబద్ద అందరికీ తెలిసినదైతేనే కొలత అందరికీ అర్థమవుతుంది. కోసిన బ్రెడ్డు ఆ స్థానానికి చేరడానికి ఇదీ ఒక ముఖ్య కారణమని చెప్పవచ్చు.

తెలుగు నుడికారంతో పోలిస్తే ఒక తేడా స్పష్టమవుతుంది. తేలిక చేసిపెట్టడాన్ని మనం “అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టు” అంటాం. అందులోనూ ఉన్నది తినడానికి సిద్ధం చేసిన ఆహారమే. కానీ తెలుగు మాటలో ఒలిచిపెట్టే మనిషి ఉంది, ఆ ఓపిక ఉంది. అందుకే దాన్ని ఎక్కువగా చక్కగా బోధించేవారి విషయంలో వాడతాం. ఇంగ్లీషు నానుడిలో మనిషి కనిపించదు, కాలం కనిపిస్తుంది. అది ఫలానాది రాకముందు, వచ్చాక అని చరిత్రను రెండుగా కోస్తుంది.

తెలుగు నేల మీద బ్రెడ్డు అనుభవం వేరు కనుకే ఇక్కడ అలాంటి మాట పుట్టలేదు. అన్నం, జొన్నరొట్టె తినే ఇళ్ళలో బ్రెడ్డు జ్వరం వచ్చినప్పుడు పాలతో పెట్టే పథ్యం. 1965లో కేంద్ర ప్రభుత్వం ఆస్ట్రేలియా సాయంతో మోడర్న్ బేకరీస్ సంస్థను స్థాపించాక ‘మోడర్న్ బ్రెడ్’ పట్టణాలలో ఇంటింటి పేరైంది. అది కోసే వచ్చేది గనుక, దాన్ని కోసే కష్టం ఇక్కడి ఆడవాళ్ళు ఎరగరు. వాళ్ళ పొద్దుటి కష్టం రోలు దగ్గర, పిండి రుబ్బడంలో ఉండేది.

మరిచిపోయిన ఊరు

నానుడి ప్రపంచమంతా తిరుగుతుంటే, అది పుట్టడానికి కారణమైన ఊరు మాత్రం ఆ సంగతి మరిచిపోయింది. 2001 ప్రాంతంలో చిల్లికోథి పత్రికా సంపాదకురాలు ఒకరు ఊరి చరిత్ర కోసం పాత సంచికల మైక్రోఫిల్మ్ తిరగేస్తూ 1928 నాటి వార్తను చూశారు. అంతవరకూ తొలిసారి కోసిన బ్రెడ్డు అమ్మింది తామేనన్న ఊహ కూడా ఊరి జనంలో లేదు. తరవాత ఊరు ఆ పేరునే తన గుర్తుగా చేసుకుంది.

రోవెడర్ 1933లో తన హక్కులను బెటెన్‌డార్ఫ్‌లోని మైక్రో-వెస్ట్‌కో కంపెనీకి అమ్మి, అందులోనే ఉద్యోగిగా చేరి 1951లో విరమించాడు. 1960లో మిషిగన్‌లో మరణించాడు. అతను చేసిన తొలినాటి యంత్రం ఒకటి స్మిత్సోనియన్ సంస్థ ఆధీనంలో ఉంది. మిస్సోరి రాష్ట్రం 2018లో జులై 7ను కోసిన బ్రెడ్డు దినంగా చట్టబద్ధం చేసింది. 1928లో ఆ తేదీన చిల్లికోథిలో తొలి లోఫ్ అమ్ముడుపోయిన రోజు, నగల దుకాణాలు అమ్ముకున్న ఆ మనిషికి నలభై ఎనిమిదో పుట్టినరోజు.