సెల్లార్లలోకి దిగిన చెరువు నీళ్లు

షికాగో లాంటి మంచు నగరాల్లో చలికాలం వచ్చిందంటే ఆఫీసు భవనాలకు పైపుల భయం పట్టుకుంటుంది. గడ్డకట్టే నీరు సుమారు 9 శాతం ఉబ్బి, పైపులను పగలగొడుతుంది. హైదరాబాద్‌లోని హైటెక్ సిటీకి ఆ బెడద లేదు. అయినా ఇక్కడ నవంబరులో, వానలు వెనకబట్టాక కూడా సెల్లార్ గోడలు చెమ్మగిల్లుతాయి, సంపు మోటార్లు ఆగవు. తప్పంతా వాన మీద వేస్తాం గానీ, అసలు కారణం ఈ నేల చరిత్రలో ఉంది.

మాదాపూర్, రాయదుర్గం ప్రాంతమంతా గ్రానైట్ గుట్టలు. వాటి మధ్య పల్లాలకు కట్టలు పోసి నీళ్లు నిలిపారు. కుతుబ్‌షాహీల కాలంలో దుర్గం చెరువు గోల్కొండ కోటకు నీళ్లిచ్చింది. గొలుసుకట్టు చెరువుల్లో పై చెరువు మత్తడి దూకితే కింది చెరువు నిండేది. ఆయకట్టు ఉన్నన్నాళ్లూ కాలువ పూడిక తీయడం రైతు అవసరం. 1998 నవంబరు 22న అప్పటి ప్రధాని వాజపేయి ఇక్కడి ఐటీ భవనం సైబర్ టవర్స్‌ను ప్రారంభించాక పొలాలు ప్లాట్లయ్యాయి, కాలువను పట్టించుకునేవాళ్లు లేకుండా పోయారు. అప్పుడే రాతిని తొలిచి సెల్లార్లు దించడం మొదలైంది. పైనున్న మొరం పొరలోనూ, రాతి పగుళ్లలోనూ వాననీరు నిలవుంటుంది. తెలంగాణ రైతు బావి తవ్వింది సరిగ్గా ఆ పొరలోనే. అదే పొరలోకి దిగిన సెల్లార్‌లో నీరు ఊరకపోతే ఆశ్చర్యపోవాలి.

2000 ఆగస్టులో ఒక్క రోజులో 24 సెంటీమీటర్లు, 2020 అక్టోబరులో 19 సెంటీమీటర్లు కురిసింది కదా, అంత వానకు ఏ ఊరు తట్టుకుంటుంది అంటారు. ఆ రోజుల మటుకు నిజమే. వాన వెలిసిన వారాల తర్వాత ఊరే నీటికి, మామూలు జల్లుకే శిల్పారామం ముందు నిలిచే నీటికి ఆ జవాబు చాలదు. చట్టముందిగా అనేవారూ ఉన్నారు. 2012 నాటి భవన నిబంధనలు పది హెక్టార్లు దాటిన చెరువు ఎఫ్‌టీఎల్ (నిండినప్పటి నీటి హద్దు) నుంచి 30 మీటర్లు, చిన్న కుంటల నుంచి 9 మీటర్లు వదలమన్నాయి. అప్పటికే చాలా భవనాలు లేచాయి. పైగా ఆ కొలత నేల మీదిది, పగుళ్లలో పారే నీటికి హద్దురాళ్లు లేవు. 2024లో చెరువుల ఆక్రమణలు తొలగించే ప్రభుత్వ సంస్థ హైడ్రా ఇక్కడి తమ్మిడికుంట చెరువు దగ్గర కట్టడాలు కూల్చినా, అదీ ఒడ్డు తగాదాయే.

ఇక మిగిలింది సెల్లార్ మానేయడం. 2023లో దగ్గర్లోని కోకాపేటలో ఎకరం 100.75 కోట్లు పలికింది. అంత పెట్టి కొన్నవారు పార్కింగ్‌ను నేల మీదికి తేరు, ఇంకో అంతస్తు లోతుకే దిగుతారు.