తాటిచెట్టు: వరంగల్ పల్లెల చరిత్రకు ఒక ఆధారం

మీది ఉమ్మడి వరంగల్ జిల్లా అయితే, ఈ పాఠం చదివే ముందు ఒకసారి ఊరి చెరువుకట్ట దాకా వెళ్ళి రండి. అక్కడ కనిపించే తాటిచెట్లు కూడా చరిత్రకు ఆధారాలే. శాసనాలు, కోటలు, గుళ్ళు కాకతీయ రాజుల గురించి చాలా చెబుతాయి. సామాన్యుల బతుకు తెలియాలంటే మాత్రం వారు ఇంటిని దేనితో కప్పుకున్నారో, ఏమి తాగారో, దేనికి పన్ను కట్టారో చూడాలి.

తాటిచెట్టులో వృథా అయ్యేది దాదాపు ఏమీ లేదు. మొద్దు దూలమవుతుంది, వాసమవుతుంది. ఆకు కప్పుకు, మట్ట దడికి, నార తాళ్ళకు పనికొస్తాయి. వేసవిలో ముంజలు, ఆ తరువాత పండ్లు. పండ్ల టెంకలను పాతిపెడితే గేగులు. కోస్తావారు వీటినే తేగలంటారు. అచ్చు యంత్రం రాకముందు మన సాహిత్యం, వైద్యం, లెక్కలు నిలిచింది కూడా తాటి జాతి ఆకుల మీదనే. ఆకును ఆరబెట్టి, గంటంతో గీసి, గీతల్లో మసి పూసేవారు. చెవి కమ్మకు ఆ పేరు ఎలా వచ్చిందో ఎప్పుడైనా ఆలోచించారా? కమ్మ అంటే ఆకు. ఒకప్పుడు తాటాకు చుట్టనే చెవికి పెట్టుకునేవారు.

అయితే చరిత్రలో తాటిచెట్టును వివాదంలోకి తెచ్చింది కల్లు. మోకు, కత్తి, లొట్టితో చెట్టెక్కే గౌడుల వృత్తి నుంచే సర్వాయి పాపన్న వచ్చాడు. నేటి జనగామ జిల్లాలోని ఖిలాషాపూర్‌లో కోట కట్టి, 1708లో వరంగల్ నగరంపై దాడి చేసిన పాపన్న 1710లో మొగలు సేనలకు చిక్కి హతుడయ్యాడు. పారసీక చరిత్రకారుడు ఖాఫీఖాన్ దృష్టిలో అతడు బందిపోటు. జానపదుల పాటల్లో వీరుడు. జె.ఎ. బాయిల్ 1874లో ఇటువంటి పాట ఒకదాన్ని ప్రచురించాడు. ఈ రెండు ఆధారాలలో ఏదో ఒకదాన్నే నమ్మి చరిత్ర రాయడం సరికాదు. ఎవరు, ఎవరి కోసం చెప్పారన్నది కూడా మీరు పరిశీలించాలి.

నిజాం పాలనలో భూమిశిస్తు తరువాత పెద్ద ఆదాయ వనరులలో ఆబ్కారీ ఒకటి. కల్లు హక్కులను వేలం వేసేవారు. గుత్తేదారు లాభం, చెట్టు పన్ను రెండూ చివరికి గీసేవాడి మీదనే పడేవి. తాతల నాటి నుంచి ఎక్కుతున్న చెట్టు ఖజానా లెక్కలో సర్కారు సొత్తయింది. ఇది ఇక్కడి సంగతి మాత్రమే కాదు. హిమాలయాల్లోని కుమావూ ప్రజలకు చీర్ పైన్ చెట్టు ఇంటి కలప, దివిటీ కట్టె. బ్రిటిష్ ప్రభుత్వం ఆ అడవులను బంక తీసే ఆస్తిగా మార్చి, ప్రజల హక్కులకు అడ్డుకట్ట వేసింది. 1921లో అక్కడి రైతులు ఆ అడవులకే నిప్పుపెట్టారు.

తెలంగాణలోనూ చెట్టు మీద గొడ్డలి పడింది. 1947లో హైదరాబాద్ సంస్థానాన్ని భారత యూనియన్‌లో చేర్చాలన్న ఉద్యమంలో కాంగ్రెస్ కార్యకర్తలు, నిజాం ఆదాయాన్ని దెబ్బతీయడానికి తాటి, ఈత చెట్లను నరికే కార్యక్రమం చేపట్టారు. ఖజానాకు నష్టం కలిగిన మాట నిజమే. కాని కొట్టేసిన చెట్టు గీత కార్మికునికి రేపటి కూలి కూడా. తాటిచెట్టు గీతకు రావాలంటే పదిహేనేళ్ళకు పైగా పడుతుంది. ఉద్యమ చరిత్రలు ఈ నష్టానికి తగినంత చోటివ్వలేదని చెప్పక తప్పదు. తరువాతి కాలంలో వచ్చిన గీత కార్మికుల సహకార సంఘాలు, గీసేవానికే చెట్టు అన్న విధానం ఈ పాత తగవుకు సమాధానాలుగానే పుట్టాయి.

అభ్యాసం: మీ ఊరిలో పెద్ద వయసు గీత కార్మికుణ్ణి కలవండి. ఆయన ఎక్కిన చెట్లు ఎవరి పొలంలో ఉండేవి, పన్ను ఎవరు వసూలు చేసేవారు, చెట్టు మీది నుంచి పడినవారి కుటుంబాలు ఎలా బతికాయి అన్నవి అడిగి, ఆయన మాటల్లోనే ఒక పుట రాసుకోండి.